గుడ్డ పట్టుకున్న చోటు

రోప్‌వే కింది స్టేషను, సిబ్బంది గది
ఫిబ్రవరి 18

ఒరేయ్ తమ్ముడూ,

కోపంగా ఉన్నప్పుడు ఉత్తరం రాయకూడదని నువ్వే అంటావు కదా, అందుకని మూడు రోజులు ఆగాను. కోపం తగ్గలేదు. ఇక ఆగి లాభం లేదని రాస్తున్నాను. ఫోన్లో అయితే ఊఁ ఊఁ అని తప్పించుకుంటావు. ఉత్తరమైతే చదివి తీరాలి.

సోమవారం పొద్దున తాడు చూశాను. నా పని నీకు ఎన్నిసార్లు చెప్పినా "మా అక్కది కొండమీద ఉద్యోగం" అనే చెప్తావు నలుగురికీ, కాబట్టి ఇంకోసారి విను. వారానికోసారి, జనం రాకముందు, కేబిన్లు తీసేసి ఉక్కుతాడును నత్తనడకన తిప్పుతారు. నేను నూలుగుడ్డను నాలుగు మడతలు వేసి తాడు చుట్టూ వదులుగా పట్టుకుని నిలబడతాను. తాడు గుడ్డలోంచి జారిపోతూ ఉంటుంది. ఎక్కడైనా సన్నతీగ తెగి మొన బయటికొస్తే అది గుడ్డను పట్టుకుంటుంది. చెయ్యి ఎత్తితే యంత్రం ఆపుతారు. ఆ చోట ఎన్ని తెగాయో పుస్తకంలో రాయాలి. నాకు పని నేర్పిన పెద్దమేస్త్రి "కళ్ళు మూసుకో, చెయ్యి చెప్పింది విను" అనేవాడు. ఇరవై రెండేళ్ళుగా కళ్ళు మూసుకునే గుడ్డ పట్టుకుంటున్నాను.

మూరెడు పొడవులో పది తీగలు తెగితే తాడు మార్చాలి. అది నేను పెట్టిన రూలు కాదు, తాడు తయారుచేసినవాళ్ళు పెట్టింది. తాడుమీద ఎర్రరంగుతో పెట్టుకున్న గుర్తు దాటాక ఒకచోట నాకు పద్నాలుగు వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. పుస్తకంలో "పద్నాలుగు. నడపకూడదు" అని రాసి సంతకం పెట్టాను.

మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. మేమంతా ఆయన్ని చాటున "మైకు" అంటాం, ఇద్దరున్న గదిలో కూడా సభలో ఉన్నట్టే మాట్లాడతాడు. నెలన్నరలో సెలవులు మొదలు, జనం విరగబడే రోజులు. తాడు మార్చాలంటే నెలకి పైగా మూసెయ్యాలి. సెలవులయ్యాక మారుద్దాం, ఆ పేజీ చించి కొత్తగా రాయమన్నాడు. రాయనన్నాను. టికెట్ల కిటికీ పైన బోర్డు ఉంది కదా, "భయాన్ని కిందే వదిలి పైకి రండి" అని. దాన్ని వేలుపెట్టి చూపించి, "ఇన్నేళ్ళు పనిచేసి ఆ ముక్క మీకు వంటబట్టలేదమ్మా. జీవితంలో కాస్త రిస్కు తీసుకోవాలి. ధైర్యం ఉండాలి" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. రిస్కు తీసుకోమనేది ఎవరో, గాల్లో వేలాడేది ఎవరో చూడు. పెద్దమేస్త్రి పెట్టిన పద్ధతి ఒకటి ఉంది ఇక్కడ. పుస్తకంలో సంతకం పెట్టినవాళ్ళే ఆ రోజు మొదటి కేబిన్ ఎక్కి పైదాకా వెళ్ళి రావాలి. "అయితే సంతకం మీరు పెట్టండి. ముందు మీరే ఎక్కండి" అన్నాను. వెంటనే ఆయనకి ఫోన్ వచ్చింది. మోగలేదు, అయినా వచ్చింది.

నీ ప్రమోషన్ సంగతి ఏమైంది? మరదలినీ పాపనీ అడిగానని చెప్పు.

మీ అక్క


రికార్డుల గది, రెండో అంతస్తు
ఫిబ్రవరి 26

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ అన్నం సహించలేదు.

నువ్వు చేసింది తప్పనను. కానీ "నడపకూడదు" అని ఎందుకు రాశావు? పద్దెనిమిదేళ్ళుగా ఫైళ్ళు చూస్తున్నాను, అంత తెగేసి రాసినవాళ్ళెవరూ బాగుపడలేదు. "పరిశీలనలో ఉంది" అని రాస్తే సరిపోయేది. అందులో అబద్ధం లేదు, నిజమూ లేదు. రేపు ఏదైనా అయితే అప్పుడే పరిశీలించామని చెప్పొచ్చు. ఏమీ కాకపోతే ఇంకా పరిశీలిస్తున్నామని చెప్పొచ్చు. మా ఆఫీసు మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది.

నాన్న సంగతి మర్చిపోయావా? మిల్లులో బెల్టుకి తొడుగు లేదని ఒక్కరోజు యజమాని ముందు నోరు విప్పాడు. ఆ ఏడాది మనం మూడు ఇళ్ళు మారాం. నాకు ఆరేళ్ళు. మూడో ఇల్లు ఎవరివో మెట్లకింద గది. అందులో నిటారుగా నిలబడగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. మీరందరూ వంగి తిరుగుతుంటే అదేదో ఆట అనుకున్నాను. తర్వాత తెలిసింది ఆట కాదని.

నా ప్రమోషన్ ఫైలు పైవాళ్ళ టేబుల్ మీద ఉంది. ఇలాంటి సమయంలో మన పేరు ఎక్కడా వినబడకుండా ఉంటే మంచిది. నీమీద కోపంతో అనడం లేదు, నా భయం చెప్తున్నాను.

తొందరపడకు. ఏదైనా చేసేముందు నాకు ఒక ముక్క రాయి.

నీ తమ్ముడు


టికెట్ల కిటికీ, కింది స్టేషను
మార్చి 9

తమ్ముడూ,

పైన చూశావా, చిరునామా మారింది. సిబ్బంది గదిలో నా అల్మారాకి కొత్త తాళం వేశారు. తాడు దగ్గరికి పోకూడదట. ఇన్నేళ్ళు గుడ్డ పట్టిన చేత్తో ఇప్పుడు టికెట్లు చింపి ఇస్తున్నాను. సరిగ్గా నా నెత్తిమీదే ఆ బోర్డు.

ఎందుకంటే భద్రతా శాఖకి ఫిర్యాదు పంపాను. పుస్తకంలో పేజీ నకలు కూడా జతచేశాను. నిన్ను అడగలేదు. అడిగితే ఏమంటావో తెలుసు. నీ "పరిశీలనలో ఉంది" చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. తాడు మధ్యలో తెగితే లోపలున్న నలుగురూ కిందపడకుండా పరిశీలనలో ఉంటారా?

నా స్థానంలో కొత్త ఫిట్టరుని పెట్టారు. మంచివాడే, పెళ్ళై ఆరు నెలలు కాలేదు. అతను గుడ్డ పట్టలేదు. దూరం నుంచి కళ్ళతో చూసి "బాగుంది" అని రాశాడు. మైకు పక్కనే నిలబడి పెన్ను అందించాడు. పద్ధతి ప్రకారం అతనే మొదటి కేబిన్ ఎక్కాడు. దిగాక నా కిటికీ దగ్గరికొచ్చి మంచినీళ్ళు అడిగాడు. "ఎలా ఉంది పైన?" అన్నాను. "కళ్ళు తెరవలేదక్కా" అన్నాడు. సాయంత్రం అందరి ముందూ మైకు అతని భుజం తట్టి "ఇదీ ధైర్యమంటే" అన్నాడట.

ఇదా ధైర్యం? అతను తాడుకి భయపడుతూనే, అంతకంటే మైకుకి ఎక్కువ భయపడి ఎక్కాడు. దానికి ధైర్యమని పేరు పెడితే ఇక పిరికితనానికి ఏం పేరు మిగులుతుంది చెప్పు.

నాకు భయం లేదనుకోకు. పోస్టుపెట్టెలో కవరు సగం పెట్టి వదల్లేక నిలబడిపోయాను. వెనకున్నావిడ "వేస్తారా, జరుగుతారా" అంది. వేశాను.

నాన్న గురించి నువ్వు రాసింది సగమే. మిగతా సగం నీకు తెలియదు. ఎప్పుడైనా చెప్తాను.

మీ అక్క


రికార్డుల గది
మార్చి 17

అక్కా,

ఉత్తరం అందింది. ఇక ఎవరికీ ఏమీ రాయకు, ఏమీ పంపకు. రెండు వారాలు నోరు మెదపకుండా టికెట్లు ఇవ్వు. అంతా సర్దుకుంటుంది. ఎలా అని అడక్కు. చిన్నప్పటినుంచీ నువ్వే నాకు అడ్డం నిలబడ్డావు, ఒక్కసారి నన్నూ నిలబడనీ.

మీ మేనేజరు నువ్వనుకున్నంత చెడ్డవాడు కాకపోవచ్చు. ఆయనకీ పైనుంచి ఒత్తిడి ఉంటుంది. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, ఆయన బాధలు ఆయనవి.

ఇక్కడ అంతా కులాసా. సెలవుల మొదటి రోజు పాపవాళ్ళ బడి పిల్లల్ని నలభైమందిని మీ కొండకే విహారయాత్రకి తీసుకొస్తున్నారు. అత్తని చూస్తానని పాప ఒకటే గొడవ. నేను పంపనన్నాను. దానికి ఊరికే జలుబు చేస్తుంది, కొండగాలి పడదని బడికి ఇప్పుడే చీటీ రాసిచ్చాను. సంచీ సర్దుకుని తలుపు దగ్గరే పెట్టింది, తియ్యనివ్వడం లేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ తమ్ముడు


టికెట్ల కిటికీ
మార్చి 24

రికార్డుల గుమాస్తాగారికి,

నిన్న భద్రతా శాఖ నుంచి విచారణాధికారి వచ్చారు. నడివయసు దాటిన ఆవిడ, మాట తక్కువ. నన్ను పిలిపించి, "ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు కదమ్మా, ఇంక మాట్లాడాల్సింది ఏముంది?" అన్నారు. నాకు అర్థం కాలేదు. మైకు ఫైలు తెరిచి ఒక కాగితం తీసి టేబుల్ మీద పెట్టాడు.

"నాకు కంటిచూపు మందగించినందున తెగిన తీగలను తప్పుగా లెక్కించి, తొందరపాటుతో ఫిర్యాదు చేసితిని. నా తప్పు మన్నించవలసినదిగా విన్నవించుకుంటున్నాను." కింద నా సంతకం. నా చేతిరాత. నేను వాక్యం చివర పెట్టే లావాటి చుక్కతో సహా.

ఈ లోకంలో ఆ చేతిరాత ఇద్దరికే ఉంది. పలక మీద నీ చెయ్యి నా చేతిలో పెట్టుకుని దిద్దించినదాన్ని నేనే. "విన్నవించుకుంటున్నాను" అనే మాట మాత్రం నాది కాదు. నేను పుట్టి బుద్ధెరిగి ఎవరికీ ఏదీ విన్నవించుకోలేదు. పైగా కంటిచూపట. కళ్ళు మూసుకుని గుడ్డ పట్టుకుంటానని మొదటి ఉత్తరంలోనే రాశాను. నేను రాసింది కూడా సరిగ్గా చదవకుండా నా పేరుతో రాసేశావు.

"ఇది నేను రాయలేదు" అన్నాను. "మరి ఎవరు రాశారు?" అని ఆవిడ అడిగారు. నోటిదాకా వచ్చింది. ప్రభుత్వ రికార్డులు కాపాడేవాడు దొంగ సంతకం పెట్టాడంటే ఏమవుతుందో నాకు తెలుసు. నోరు మూసుకున్నాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి ఫైలు కట్టేశారు. మైకు ఆవిడకి తలుపు తెరిచి పట్టుకున్నాడు. నీ పేరు చెప్పనిది ప్రేమకొద్దీ అనుకోకు. చెప్పాల్సినవాడివి నువ్వు, అందుకని ఊరుకున్నాను.

ఆయనకి ఇద్దరు ఆడపిల్లలని నీకెవరు చెప్పారు? నేను చెప్పలేదు. ఎప్పటినుంచి రాసుకుంటున్నారు మీరిద్దరూ?

పాపకి జలుబని చీటీ రాశావు. అంటే నా లెక్క నిజమని నీకు నమ్మకం ఉంది. నమ్మి, నీ పాపని ఇంట్లో దాచుకుని, మిగతా నలభైమంది పిల్లల్ని ఎక్కించడానికి నా చేతిరాత అరువిచ్చావు. ఒరేయ్, ముద్ద ఎలా దిగుతోంది నీకు?

నాన్న కథలో మిగతా సగం ఇప్పుడు చెప్తాను. మెట్లకింద గదిలో మనం ఎంతకాలం ఉన్నామో గుర్తుందా? నాలుగు నెలలు. తర్వాత నాన్నని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో నువ్వెప్పుడూ అడగలేదు. నాన్నకి రాయడం రాదు. నాకు పదమూడేళ్ళు. నన్ను కూర్చోబెట్టి చెప్తుంటే నేనే రాశాను. "తప్పు నాదే. బెల్టుకి తొడుగు అవసరం లేదు." నాన్న వేలిముద్ర వేశాడు. సిరా తుడుచుకోవడానికి గుడ్డ ఇస్తే తీసుకోలేదు. మరుసటి ఏడాది ఆ బెల్టే ఇంకొకాయన చెయ్యి లాక్కుంది. నాన్న ఆస్పత్రికి వెళ్ళి చూసొచ్చాడు. ఆ తర్వాత నాన్న పాట పాడటం నువ్వు విన్నావా? అంతకుముందు పాడేవాడు. నీకు గుర్తుండదు.

మనల్ని ముంచింది నాన్న ధైర్యం అని నువ్వు ఇన్నాళ్ళూ అనుకున్నావు. ఆ ఇళ్ళు మారడం నాకు బరువనిపించలేదు. ఆ ఉత్తరం బరువనిపించింది. ఇంకెప్పుడూ అలాంటిది రాయనని ఒట్టుపెట్టుకున్నాను. ముప్పై మూడేళ్ళకి అదే చేతిరాతతో నువ్వు రాశావు.

ఏప్రిల్ అయిదున సెలవుల జనం వస్తారు. ఈలోపు వచ్చి ఆవిడకి నిజం చెప్పు.

పేరు రాయడం లేదు. కావాలంటే నువ్వే పెట్టుకో, అలవాటే కదా.


ఇల్లు
మార్చి 29

అక్కా,

అవును, నేనే రాశాను.

నువ్వు ఫిర్యాదు పంపాక, మార్చి రెండో వారంలో మీ మేనేజరు నుంచి ఉత్తరం వచ్చింది. నీ సర్వీసు పుస్తకంలో దగ్గరి బంధువు అని నా చిరునామా ఉంది కదా. నిన్ను ఉద్యోగంలోంచి తీసేసే కాగితం తన టేబుల్ మీద ఉందనీ, తనకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు కాబట్టి మనసొప్పడం లేదనీ, నీ దగ్గర్నుంచి ఒక్క క్షమాపణ వస్తే ఆ కాగితం చింపేస్తాననీ రాశాడు. నువ్వు రాయవని నాకు తెలుసు. నాలుగు చిత్తులు రాశాను. నాలుగోది అచ్చం నువ్వే రాసినట్టు వచ్చింది. చూసి నాకే భయం వేసింది, అయినా కవరులో పెట్టాను.

నువ్వు ఇంత కోప్పడ్డావు కాబట్టి నా కోపం కూడా విను. నువ్వు ధైర్యం చేసిన ప్రతిసారీ ఇక్కడ నేను రాత్రుళ్ళు లేచి తలుపు గడియ పడిందో లేదో చూసుకుంటాను. ధైర్యం ఉన్నవాళ్ళ గురించి అందరూ చెప్తారు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఎలా బతికారో ఎవరూ అడగరు. నీకు ధైర్యంగా ఉండే హక్కు ఉంటే నాకు భయపడే హక్కు లేదా? నాన్న ఉత్తరం సంగతి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు? నా అంతట నేను తెలుసుకోవాల్సిందా? సమయం చూసి నన్ను కొట్టడానికి దాచిపెట్టావా?

నేను రాను. రాలేను. ప్రమోషన్ మాట వదిలెయ్, ఉన్న ఉద్యోగమే పోతుంది. కేసు కూడా పెడతారు. పాపకి పదేళ్ళు. దానికి మెట్లకింద గది చూపించలేను.

పాప గురించి నువ్వు రాసిన నాలుగు వాక్యాలున్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

తమ్ముడు


ఇల్లు
ఏప్రిల్ 6

తమ్ముడూ,

సరే. నిన్ను ఇక రమ్మనను. ఏం జరిగిందో తెలియజేయడానికి రాస్తున్నాను.

నన్ను టికెట్ల కిటికీలో కూర్చోబెట్టడం తన తెలివి అనుకున్నాడు మైకు. నిన్న ఎనిమిదింటికే వరస రోడ్డుదాకా వెళ్ళింది. మొదటివాళ్ళు ముసలి దంపతులు. రెండు టికెట్లు అడిగారు. "ఇస్తాను. ఇచ్చేముందు ఒక మాట. తాడులో ఒకచోట పద్నాలుగు తీగలు తెగాయి. పది తెగితేనే నడపకూడదు. లెక్కపెట్టింది నేనే. ఇప్పుడు చెప్పండి, ఇవ్వనా?" అన్నాను. ఆయన ఆవిడ వంక చూశాడు. ఆవిడ "నాకు మోకాళ్ళ నొప్పులు, ఎలాగూ ఎక్కలేనన్నాను కదా" అని ఆయన్ని పక్కకి లాక్కుపోయింది.

ప్రతి ఒక్కరికీ అదే చెప్పాను. గొంతు పెంచలేదు. టికెట్టు ఎవరికీ కాదనలేదు. కొందరు నవ్వి ఎక్కారు. చాలామంది ఎక్కలేదు. ఒకాయన, "నువ్వెవరివి మా సెలవు పాడుచెయ్యడానికి?" అని కిటికీ మీద గుద్దాడు. గుద్ది, ఎక్కకుండా వెళ్ళిపోయాడు.

పదిన్నరకి మీ పాప బడి బస్సు వచ్చింది. టీచరమ్మ నలభై టికెట్లు అడిగింది. ఆవిడకీ చెప్పాను. ఆవిడ పర్సు మూసేసింది. వెనక్కి తిరిగి పిల్లల్ని చూసి, "అందరూ బస్సెక్కండి" అంది. పిల్లలు నన్ను తిట్టుకుంటూ వెళ్ళారు. ఒక పిల్ల నాలుక బయటపెట్టి వెక్కిరించింది. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు ఇంతకంటే మంచి రోజు లేదు.

పదకొండింటికి మైకు నా చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. నాకు మతి చలించిందని అందరికీ వినబడేలా చెప్పాడు. యంత్రం మాత్రం ఆపకుండా నడిపించాడు. నన్ను సస్పెండ్ చేశారు. జనంలో లేనిపోని భయం పుట్టించానని పోలీసులకి ఫిర్యాదు ఇచ్చారు. దానికి వాళ్ళ సాక్ష్యం ఏమిటో తెలుసా? లెక్క తప్పని నేనే ఒప్పుకున్న ఉత్తరం. నా చేతిరాతే నామీద సాక్ష్యం చెప్తోంది.

ఇరవయ్యో తారీఖున ఆ ఆవిడే మళ్ళీ వస్తున్నారు. ఈసారి తాడు మీద కాదు, నామీద విచారణ. నీ పేరు అప్పుడూ చెప్పను. భయపడే హక్కు ఉందన్నావు కదా, ఉంచుకో.

అక్క


రికార్డుల గది
ఏప్రిల్ 12

(అక్కా, ఇది వాళ్ళకి పంపిన ఉత్తరానికి నకలు. నీకు వేరే ఏం రాయాలో తెలియడం లేదు.)

భద్రతా శాఖ విచారణాధికారి గారి సముఖమునకు,

విషయం: రోప్‌వే తాడు తనిఖీదారు పేరిట మీ ఫైలులో ఉన్న క్షమాపణ ఉత్తరం.

అయ్యా, లేదా అమ్మా, ఆవిడ అని మా అక్క రాసింది కాబట్టి అమ్మా,

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, సదరు ఉత్తరం మా అక్క రాసినది కాదు. నేను రాసినది. సంతకమూ నేనే పెట్టినది. మా అక్కకి ఆ సంగతి అప్పుడు తెలియదు. తెలిశాక కూడా నా పేరు తమకి చెప్పలేదు.

ఈ ఉత్తరం ఎలా రాయాలో నాకు తెలుసు. పద్దెనిమిదేళ్ళుగా ఇలాంటివే రాస్తున్నాను. "పొరపాటున జరిగింది" అని రాయొచ్చు. "అప్పటి పరిస్థితులలో" అని రాయొచ్చు. ఆ మాటలన్నీ రాసి కొట్టేశాను. భయపడి రాశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. మేనేజరుగారు నాకు రాసిన ఉత్తరం జతచేస్తున్నాను. దాన్ని చించెయ్యమని ఆయన చివర్లో రాశారు. రికార్డుల గదిలో పనిచేసేవాణ్ణి, చించడం నాకు అలవాటు లేదు.

నాకు తాడు గురించి ఏమీ తెలియదు. ఒకటే తెలుసు. అక్క పద్నాలుగు అని రాసిందని నా కూతుర్ని పంపలేదు. జలుబని అబద్ధం చెప్పి ఆపాను. తమరు తాడు గురించి ఎవరి మాట నమ్మాలో తేల్చుకోలేకపోతే దీన్ని సాక్ష్యంగా తీసుకోండి. దొంగ ఉత్తరం రాసినవాడు కూడా ఆ లెక్కనే నమ్మాడు.

ఇరవయ్యో తారీఖున హాజరవుతాను. నా చేతిరాత చూడాలంటే అక్కడే రాసి చూపిస్తాను.

ఇట్లు,
రికార్డుల గుమాస్తా


ఇల్లు
ఏప్రిల్ 22

ఒరేయ్,

సాక్ష్యం చెప్పి, నా వంక చూడకుండా బస్సెక్కి వెళ్ళిపోయావు. కాసేపు ఆగి ఉంటే మిగతాది నువ్వే చూసేవాడివి.

ఆవిడ మనిద్దరి చేతా అదే వాక్యం రాయించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తుంటే మైకు లేచి, "ఇద్దరూ కలిసి నాటకం ఆడుతున్నారు" అన్నాడు కదా. నువ్వు వెళ్ళాక ఆవిడ ఒకటే అన్నారు. "నాటకమో కాదో తాడు చెప్తుంది. పదండి."

మైకు అడ్డుపడ్డాడు. ఈమెకి చూపు సరిగ్గా లేదని ఉత్తరంలో ఉంది, ఈమె లెక్క ఎలా నమ్ముతామన్నాడు. "అయితే నా కళ్ళకి గంతలు కట్టండి" అన్నాను. కొత్త ఫిట్టరు తన తువ్వాలు ఇచ్చాడు. ఆవిడే స్వయంగా ముడి వేశారు. తాడు తిరగడం మొదలైంది. రెండు నెలలైంది గుడ్డ పట్టి, అయినా మడతలు వేళ్ళకి గుర్తున్నాయి. గుడ్డ పట్టుకుంది, చెయ్యెత్తాను. ఆ చోట ఒక్కో మొన తడుముతూ చెప్తుంటే ఆవిడ భూతద్దంతో చూస్తూ లెక్కపెట్టారు. పంతొమ్మిది. ఫిబ్రవరిలో పద్నాలుగు, ఇప్పుడు పంతొమ్మిది.

ఆవిడ గుడ్డ అడిగి తీసుకుని తనూ పట్టుకున్నారు. వేలు చీరుకుంది. రక్తం తుడుచుకుని పుస్తకం తెప్పించి నా పాత పేజీ కిందే "పంతొమ్మిది. నడపకూడదు" అని రాశారు. అప్పుడు ఫిట్టరు, అడక్కుండానే, "నేను గుడ్డ పట్టలేదండీ. చూడకుండానే రాశాను" అన్నాడు. మైకుకి ఫోన్ రాలేదు.

నామీద కేసు ఎత్తేశారు. నువ్వు రాసేటప్పుడు రెండుసార్లు పెన్ను కింద పెట్టి మళ్ళీ తీసుకోవడం చూశాను. అయినా అక్షరం చెడలేదు. నా కోపం మాత్రం పోలేదు, పోయిందనుకుని సంబరపడకు. అన్నం తింటున్నావా?

అక్క


ఇల్లు
మే 19

అక్కా,

ఇక్కడ నన్నూ సస్పెండ్ చేశారు. ప్రమోషన్ ఫైలు వెనక్కి వచ్చింది. శిక్ష ఏమిటో చెప్పమని వెళ్ళి అడిగాను. నా పక్క టేబుల్ ఆయనే, పదేళ్ళు నాతో టీ తాగినవాడు, తల ఎత్తకుండా, "పరిశీలనలో ఉంది" అన్నాడు.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. "ఎవరు పరిశీలిస్తున్నారు? ఏ టేబుల్ మీద ఉంది? ఏ తారీఖుకి తేలుస్తారు? కాగితం మీద రాసివ్వండి" అని గట్టిగా అడిగాను. గదంతా తిరిగి చూసింది. నా గొంతు అంత ఉందని నాకే తెలియదు. రాసివ్వలేదు. రేపు మళ్ళీ వెళ్ళి అడుగుతాను.

మేము చిన్న ఇంటికి మారాం. నిటారుగానే నిలబడొచ్చు, కొలిచి చూసి తీసుకున్నాను. సామానంతా నీ మరదలే సర్దింది. పాపకి జలుబు సంగతి నిజం చెప్పేశాను. "మరి నా ఫ్రెండ్స్‌కి ఎందుకు చెప్పలేదు నాన్నా?" అంది. నువ్వు అడిగిందే.

భయం పోలేదక్కా. రోజూ పొద్దున లేవగానే నాకంటే ముందు లేచి కూర్చుంటోంది.

తమ్ముడు


కింది స్టేషను, సిబ్బంది గది
జూన్ 14

తమ్ముడూ,

పాత అల్మారా మళ్ళీ ఇచ్చారు. తాళంచెవి పోయిందన్నారు, ఫిట్టరు పగలగొట్టాడు.

మైకుని పెద్దాఫీసుకి మార్చారు. శిక్ష అనుకుంటున్నావా? శిక్షణ విభాగం. కొత్తగా చేరినవాళ్ళకి ధైర్యం గురించి పాఠాలు చెప్తాడట. నేను సస్పెన్షన్‌లో ఇంట్లో కూర్చున్న రోజుల జీతం సంగతికి మాత్రం ఇంకా జవాబు లేదు. నీకూ లేదు. ఆయనకి గది, మనకి పరిశీలన. దీనిమీద కూడా రాస్తాను, ఊరుకోను. ఈసారి చిత్తుప్రతి నువ్వు రాయి. ఏ టేబుల్, ఏ తారీఖు అని అడగడం నీకు వచ్చింది కదా. కింద నీ సంతకమూ పెట్టు, నాది నేను పెట్టుకుంటాను.

కొత్త తాడు వేశారు. నిన్న ఈ చివర నుంచి ఆ చివరకి గుడ్డ పట్టాను. ఎక్కడా పట్టుకోలేదు. నూనె మరక తప్ప గుడ్డమీద ఏమీ లేదు. ఆదివారం మొదలుపెడతారు. పుస్తకంలో సంతకం నాదే కాబట్టి మొదటి కేబిన్ నాదే.

నీమీద కోపం ఇంకా కొంచెం ఉంది. అది ఉత్తరాల్లో పోయేలా లేదు, మనిషి ఎదురుగా ఉండాలి. పాపని తీసుకుని శనివారం సాయంత్రానికల్లా రా. నీకు ఎత్తంటే భయమని తెలుసు. కేబిన్‌లో నాలుగు సీట్లు ఉంటాయి. నీకొకటి, నాకొకటి, పాపకొకటి. నాలుగోది నీ భయానికి ఇద్దాం, కిందే వదిలి రానక్కర్లేదు.

మీ అక్క